నీటికి లొంగిన కొండలు

ఈ నెల ఈ పుటలలో నిమ్మకాయ ఊరగాయనుగూర్చి వ్రాయుదుమని సోదరీమణులకు మాట యిచ్చియుంటిమి. ఆ పని మొదలుపెట్టిన దినముననే వేఱొక విషయము మమ్ము పట్టుకొనినది. కావున ఊరగాయను వచ్చు నెలకు నిలువ చేయుచున్నాము. నిలువయుండిన ఊరగాయకు రుచి హెచ్చునుగదా!

జరిగిన దేమనగా, కాయలు పిండుచుండగా రసపుచుక్కలు కొన్ని వంటయింటి బండపై పడినవి. వెంటనే తుడువక, పని ముగిసిన పిదప చూచుకొనునప్పటికి, నీలముగా నున్నగా నుండిన నాపఱాతిపై తెల్లని మచ్చలు తేలినవి. బూడిదతో రుద్దితిమి. కుంకుడుకాయ నురుగుతో రుద్దితిమి. తుదకు రాగిపాత్రలకు చేయునట్లు చింతపండుతో రుద్దితిమి. అది మఱింత తెలివితక్కువ పని యని పిమ్మట తెలిసినది. మచ్చ పోకపోగా రూపాయి బిళ్ళంత యుండినది అరచేయంత యైనది. మా చిన్నమ్మాయి ప్రక్కన గొంతుక కూర్చుండి, "ఱాతికిగూడ పండ్లు పులియునా అమ్మా?" యని అడిగినది. అడుగుచు ఎందుకనో తన బొమ్మలపెట్టె వైపు చూచినది. దాని కారణము తరువాత చెప్పెదము.

మా కొండకల్ పేరులో కొండయు ఉన్నది, కల్లును ఉన్నది. (ఈ కల్లు ఱాయియేగాని త్రాగెడిది కాదు.) అయినను ఈ చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములందు సున్నపుఱాతి కొండలు లేవు. మా యింటి బండలు పడమటనున్న తాండూరునుండి బండ్లపై వచ్చినవి. అక్కడి నేలలో సున్నపుఱాయి అట్లకాడతో తీసిన అట్లవలె పొరలు పొరలుగా పఱచుకొనియుండును. ఉలి ఆనించి సుత్తితో తట్టిన పొర విడివడును. చిత్రిక పట్టవలసిన పనిలేదు. షాబాదు బండ యన్నను, నాపఱాయి యన్నను, తెలుగునాట అనేక గృహములలో మనము చాపవేసికొని కూర్చుండునది ఈ జాతి ఱాతిమీదనే. అయితే ఈ ఱాయి కొండగా నిలిచి, ఆ కొండ కడుపు నీటిచే తొలువబడి, అందులో దేవుళ్ళును, భిక్షువులును, గబ్బిలములును కాపురముండిన చోటు చూడవలెనన్న కృష్ణా తుంగభద్రలు దాటి ఎఱ్ఱమలకు పోవలెను. క్రిందటి పుష్యమాసమున బంధువుల యింట శుభకార్యమునకై బనగానపల్లెకు పోయినప్పుడు ఆ కొండలను చూచు భాగ్యము మాకు కలిగినది.

కర్నూలునుండి దక్షిణముగా పోవునప్పుడు ఎడమచేతివైపు దూరమున నల్లమల, కుడిచేతివైపు ఎఱ్ఱమల. నడుమ కుందూనది లోయ. నల్లమలకు శ్రీశైలమును అహోబిలమును ఉండుటచే దానిని ఎఱుగనివారు లేరు. ఎఱ్ఱమల చిన్నకోడలివంటిది, ఇంటెడు చాకిరి ఆమెది, పేరు పెద్దకోడలిది. చూచుటకును అంత సొగసుగా నుండదు. పెద్ద యెత్తు లేదు. శిఖరములు లేవు. పైభాగము కత్తితో కోసినట్లు చదునుగా నుండును. పైన గట్టి ఎఱ్ఱని ఇసుకఱాయి మూతవలె కప్పియుండగా, దాని క్రింద ఏటవాలున సున్నపుఱాయి బూడిదరంగున పొరలుగా కనబడును. బలుసు, రేగు, తంగేడు వంటి పొదలేగాని దట్టమైన చెట్లు తక్కువ. మేఘము కురిసినంతసేపు వాగులు పొంగును. నిలిచిన గడియకు ఎండును. ఆ నీరెక్కడికి పోయెనని అడిగిన, నేల త్రాగెనని అచ్చటి స్త్రీలు చెప్పుదురు. ఆ మాట అక్షరాల నిజము.

ఎట్లనగా, వాననీరు దిగునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొనును. నేలలో కుళ్ళు ఆకులును, ఊపిరి పీల్చు వేళ్ళును విడుచు అదే వాయువును మఱికొంత కలుపుకొనును. ఆ నీరు మన నాలుకకు పుల్లగా తోచదు; కాని సున్నపుఱాతికి ఆ పాటి పులుపు చాలును. మా నిమ్మరసము ఒక్క పూటలో చేసిన పనిని ఆ నీరు వేలకొలది యేండ్లు నెమ్మదిగా చేయును. నెఱ్ఱెను సందుగా, సందును సొరంగముగా, సొరంగమును మంటపముగా మార్చును. కరగిన సున్నము నీటితో కలిసి పోవుచు, గుహ కప్పునుండి చుక్కగా వ్రేలాడినప్పుడు, ఆ వాయువు తిరిగి గాలిలోనికి పోగా, సున్నమును పట్టియుంచు శక్తి నీటికి తగ్గి, కొంచెము అక్కడనే అంటుకొనును. అట్లు చుక్కపై చుక్కగా ఊడ దిగును. క్రింద పడిన చుక్క శివలింగమువలె పైకి లేచును. ఊడయు లింగమును కలిసిన స్తంభము.

ఈ శాస్త్రము మనకు కొత్తదేమియు కాదు. కొన్ని ఊళ్ళ బావినీటిలో పప్పు ఉడుకదు. కాగు అడుగున తెల్లని పొలుసు కట్టును. అది కరగిన కొండయే. ఇంటి గోడకు వేయు సున్నమును చూడుడు. బట్టీలో కాల్చినప్పుడు సున్నపుఱాయి తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచిపెట్టును. నీళ్ళు పోసినప్పుడు బుసబుసమని పొగలు గ్రక్కును. గోడకు పూసి ఆఱనిచ్చిన, గాలిలోని అదే వాయువును మెల్లగా తిరిగి తీసికొని మఱల ఱాయిగా మాఱును. అనగా పండుగకు మనము గోడకు పూయునది పలుచని కొండ. తమలపాకునకు వ్రాయు సున్నమునకును ఆ కొండయే పుట్టినిల్లు.

ఇక బేలుము గుహలు. ఇవి నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల మండలమున నున్నవి. బిలము అను సంస్కృతశబ్దమే బేలుమైనదందురు. గుహ యనగా కొండప్రక్కన నోరు తెఱచుకొనియుండునని తలచిన మేము మోసపోతిమి. చుట్టును చదునైన చేలు. నడుమ నేలలో పెద్ద బావివంటి గోతులు. అంతే. ఆ గోతిలోనికి మెట్లు దిగిన పిమ్మట లోకము మాఱినది. చలిగా నుండునని శాలువ తీసికొనిపోయిన మాకు ఉక్కపోత చెమటలు పట్టించినది. పైనుండి గొట్టములద్వారా గాలిని లోనికి పంపుచున్నారు. అక్కడక్కడ నడుము వంచి పోవలసినదే. మఱికొన్ని చోట్ల పెండ్లిపందిరి వేయదగినంత విశాలము. ప్రవాహము ఒరసికొనిపోయిన గోడలు, కుమ్మరి చేతితో తడిమిన కుండలవలె నున్నగా వంపులు తిరిగియున్నవి. కోటిలింగములని ఒకచోటు, ఊడలమఱ్ఱి యని ఒకచోటు, సప్తస్వరముల గుహ యని ఒకచోటు చూపించిరి. ఈ చివరిదానిలో కొన్ని ఱాళ్ళను తట్టిన లోహమువలె మ్రోగునట. మావారికి తట్టి చూడవలెనను కోరిక చాల కలిగినదిగాని, బడిపంతులుగారు తట్టిన వెనుక పిల్లలందఱును తట్టుదురని మేము కనుసైగ చేసితిమి.

ఈ బిలముల పొడవు 3,229 మీటర్లని కొలిచినారు; అందులో సుమారు 1,500 మీటర్లు మాత్రము యాత్రికులకు నడువ వీలగును. అన్నిటికంటె లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టమునకు 46 మీటర్ల క్రింద నున్నది. అచ్చట ఒక చిన్న నీటిపాయ వచ్చి, మన కన్నులయెదుటనే ఱాతిలోనికి మాయమగును. అది రెండు కిలోమీటర్ల దూరముననున్న బేలుము గ్రామపు బావిలో తేలునని అక్కడివారి నమ్మకము.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండలోని ఋక్షబిలము మాకు అక్కడ జ్ఞప్తికి వచ్చినది. సీతమ్మను వెదకుచు దప్పికచే సొమ్మసిల్లిన వానరులు, ఒక గుహనుండి తడిసిన ఱెక్కలతో పక్షులు వెలికి వచ్చుట చూచి, లోపల నీరున్నదని ఊహించి ప్రవేశించిరిగదా. చీకటిలో ఒకరి చేయి నొకరు పట్టుకొని నడచి, స్వయంప్రభ యను తాపసిని కాంచిరి. చిన్ననాడు మా తండ్రిగారు ఆ ఘట్టము చెప్పునప్పుడు అది కేవలము కవికల్పన యనుకొంటిమి. ఎండిన నేల క్రింద నీరుండు కొండలు కలవని ఎఱిగిన తరువాత, ఆ తడిసిన ఱెక్కలను వ్రాసిన ఋషికి మఱియొక నమస్కారము చేసితిమి.

1884లో రాబర్టు బ్రూసు ఫుట్ అను భూతత్త్వశాస్త్రజ్ఞుడు ఈ గుహలనుగూర్చి వ్రాసెను. అటుపిమ్మట నూఱేండ్లవఱకు వీనిని పట్టించుకొనినవారు లేరు. 1982, 83 సంవత్సరములలో గెబౌర్ అను జర్మనీ దేశస్థుడు తన తోడివారితో వచ్చి, ప్రాకుచు దేకుచు లోపలి దారులన్నిటిని కొలిచి పటము గీసెను. 1985లో ప్రభుత్వమువారు గుహలను రక్షిత స్థలముగా ప్రకటించిరి. 2002లో యాత్రికులకు తెఱచిరి. బౌద్ధభిక్షువులు పూర్వము లోపల నివసించినట్లు గుర్తులు దొరకినందున, వెలుపల గుట్టపై పెద్ద బుద్ధవిగ్రహమును నిలిపినారు.

ఈ చరిత్రలో మమ్ము నిలువనీయని సంగతి వేఱొకటి యున్నది. 1988 వఱకు చుట్టుపట్లవారికి ఆ గోయి కసవు పాఱవేయు చోటుగా నుండెడిది. ఇందులో వారిని నిందించుటకు మాకు నోరు రాదు. నేలలో గోయి కనబడిన చెత్త వేయుట ఎవరు చేయని పని? మా పెరటి వెనుక పాడుబడిన దిగుడుబావిలో మేమేమి వేయుచుంటిమో మాకు తెలియును. అయితే ఇసుకనేలలోను మట్టినేలలోను ఇంకు నీరు వడపోసినట్లు కొంత శుభ్రపడును. సున్నపుకొండలో ఆ వడపోత లేదు. నెఱ్ఱెలో పడినది పడినట్లే పోయి ఊటలో తేలును. గోతి పైన కసవు, గోతి అడుగున పాతాళగంగ, ఆ గంగ ఊరిబావికి పోవునను నమ్మకము! మూడును ఒక్క ఊరివారి నోటనే వినవచ్చును. తుదకు ఆ ఊళ్ళ పెద్దలే ముందునకు వచ్చి ప్రభుత్వమువారితో చేయి కలిపి గుహను బాగుచేయించిరి. బండ్లకొలది మట్టిని, చెత్తను ఎత్తిపోసిన తరువాతగాని లోపలి దారులు నడువ వీలుపడలేదట.

బేలుమున నేల నీటిని మ్రింగుట చూచితిమి. యాగంటిలో కొండ దానిని తిరిగి యిచ్చుట చూచితిమి. బనగానపల్లెకు సమీపముననున్న యాగంటి ఉమామహేశ్వరుల క్షేత్రమునకు తెల్లవాఱుజామున పోతిమి. కొండగోడలు మూడువైపుల నిలిచియుండగా, పుష్కరిణిలోనికి నంది నోటినుండి ధార సంవత్సరము పొడవున పడుచుండును. చుట్టుప్రక్కల చేలు బీటలు వాఱిన మాసములందును అది ఆగదు. కొండలో ఎప్పుడో పడిన వాన చీకటి దారులలో మెల్లగా నడచి, తీరికగా వచ్చుచుండును కాబోలు. గుడి విజయనగర రాజుల కాలమున వృద్ధినొందినది. అగస్త్యమహర్షి ఇక్కడ వేంకటేశ్వరుని ప్రతిష్ఠింపబూనగా విగ్రహపు కాలిగోరు విఱుగుటచే చింతించి తపస్సు చేసెననియు, అప్పుడు శివుడు సాక్షాత్కరించెననియు స్థలపురాణము. తపోభంగము చేసిన కాకిని ముని శపించినందున యాగంటిలో కాకులుండవందురు. మేమున్నంతసేపు కాకి మాకు కనబడలేదు. మా చిన్నమ్మాయి మాత్రము, పిండము తినుటకు ఎవరు వత్తురని పెద్దగా అడిగి మమ్ము పదిమందిలో తల వంచుకొనునట్లు చేసినది.

బసవన్న పెరుగుచున్నాడని అందఱును చెప్పుదురు. ఒకప్పుడు ప్రదక్షిణమునకు చోటుండెడిదనియు, ఇప్పుడు స్తంభములకు ఒరసికొనియున్నాడనియు అచ్చటి వృద్ధులు చూపుదురు. కలియుగాంతమున యాగంటి బసవన్న లేచి ఱంకె వేయునని వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమున గలదని ఎఱుగని తెలుగిల్లు లేదు. ఆ కాలజ్ఞానమును ఆయన రచించినదియు ఈ కొండలలోనే. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ అను గృహిణి యింట పశువుల కాపరిగా కుదిరి, రవ్వలకొండపై ఆవుల చుట్టు కఱ్ఱతో గిరి గీచి విడిచి, గుహలో కూర్చుండి తాటియాకులపై వ్రాయుచుండెనని కథ. పాలేరు ఏమి చేయుచున్నాడో చూచుటకు వెంటవెళ్ళిన అచ్చమ్మ, గిరి దాటని ఆవులను, గుహలోని వ్రాతను చూచి శిష్యురాలైనది. లోకము కన్న ముందుగా ఆ మహనీయుని గుర్తించినది ఒక యిల్లాలు అను మాటను మన ఉపన్యాసకులు తొందరలో దాటిపోవుదురు.

బనగానపల్లె యన్నంతనే సోదరీమణులకు మామిడిపండు నోట నూరుచుండును. బంగినపల్లి మామిడి ఆ ఊరిదే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. మేము పోయినది పుష్యమాసమగుటచే పండ్లుగాక పూతయు సరిగా లేదు. ఆ ఋతువు నెంచుకొనిన పెండ్లివారిపై మా పిల్లలకు ఇప్పటికిని కోపమే.

బేతంచర్ల సమీపమున బిల్లసుర్గము గుహలు కలవు. మేము అంత దూరము పోలేకపోతిమి. అక్కడ ఫుట్ దొరయు ఆయన కుమారుడును 1883 మొదలు 1885 వఱకు త్రవ్వించి, ఇప్పుడా ప్రాంతమున కానరాని జంతువుల ఎముకలను వెలికితీసిరి. అందొక ఖడ్గమృగమునకు శాస్త్రజ్ఞులు కర్నూలు పేరనే నామకరణము చేసినారు. సున్నపుగుహ ఎముకను చక్కగా దాచును; పులుపుమట్టిలో కరగిపోవు ఎముక సున్నముచెంత నిలుచును. జుర్రేరు లోయలో జ్వాలాపురమను ఊరున్నది. సుమారు 74,000 ఏండ్లకు పూర్వము సముద్రమున కావల సుమత్రాద్వీపమున టోబా అను అగ్నిపర్వతము ప్రేలి, దాని బూడిద గాలిలో ఇంత దూరము వచ్చి ఇక్కడ పొరగా పఱచుకొనినది. ఆ బూడిద క్రిందను ఱాతిపనిముట్లు దొరకినవి, పైనను దొరకినవి. ఆకాశమునుండి బూడిద కురిసిన దినమున గుహకడ పిల్లలను దగ్గఱకు తీసికొనిన తల్లి ఒకతె యుండియుండును. ఆమెను తలచుకొని ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర రాలేదు. ఈ పరిశోధన 2007లో వెలువడినది.

తిరుగుదారిలో బండలు కోయు చోట్లు అడుగడుగున కనబడినవి. బేతంచర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములందు వేలకొలది కుటుంబముల నోటికూడు ఈ ఱాతిలోనే యున్నది. ఒక ఱంపపు పాకయొద్ద బండి ఆగగా దిగి చూచితిమి. నీళ్ళు చిమ్ముచు ఱంపము తిరుగుచున్నది. ముక్కలను తలకెత్తుకొను స్త్రీల కొప్పులును, కనుబొమలును, రెప్పవెండ్రుకలును తెల్లగా నున్నవి. ఒకామె మా అమ్మాయిని చూచి నవ్వి, "మీ యింట్లో ఏ రంగు బండలు బిడ్డా?" యని అడిగినది. నీలమని చెప్పినది. "నీలం బండకు నిమ్మకాయ తగలనీకు" అని ఆమె హెచ్చరించినది. మేము ఆ మాటను విని కూడ మఱచిపోతిమి; మా వంటయింటి మచ్చ దాని ఫలితము. పాక వెనుక పనికిరాని ముక్కల గుట్టలు, ఆ గుట్టలకంటె లోతైన గోతులు, గోతులలో పచ్చని నీరు. తాండూరుదారిని పోవువారికిని ఇట్టి గుట్టలు పరిచితములే. బండలు కావలెనని అడిగినవారిలో మేమును ఉన్నాము. కావున ఆ గోతుల యంచున నిలిచి నిట్టూర్చుటకు మాకు సిగ్గైనది.

ఇప్పుడు బొమ్మలపెట్టె సంగతి. బండపై మచ్చను చూచిన మఱునాడు మా చిన్నమ్మాయి పెట్టె అడుగునుండి గుడ్డముక్కలో చుట్టిన దొక దానిని తెచ్చి మా ఒడిలో పెట్టినది. బొటనవ్రేలంత పొడవు, తేనెరంగు, మధ్య సన్నని బెజ్జము. బేలుము గుహలో దారిప్రక్కన పడియుండగా పరికిణీ కుచ్చెళ్ళలో దాచుకొని తెచ్చినదట. ఎవరి చేయి విఱిచినదో, తనంతట విఱిగినదో తెలియదు. తాను విఱువలేదని దేవునిమీద ఒట్టు పెట్టుకొని ఏడ్చినది. నిమ్మరసపు కథ విన్నది మొదలు, తన ఱాయికూడ కరగిపోవునేమోయని రెండుపూటలు అన్నము సరిగా తినలేదు.

మావారు కొలబద్ద తెచ్చి కొలిచినారు. అయిదు సెంటీమీటర్లకు కొంచె మెక్కువ. ఇట్టి ఊడలు సామాన్యముగా ఏటికి వెండ్రుకమందముకంటె పెరుగవని చదివియున్నాము. ఆ లెక్కన చూచిన, యాగంటిలో ఆ గుడి గోడలు లేచుచున్న కాలమునకు ఇది మొదటి చుక్క కావలెను. అయిదువందల యేండ్లు మా అరచేతిలో అగ్గిపుల్లల పెట్టెకంటె తేలికగా నున్నవి. బడిలో పిల్లలకు చూపించిన ఎంత పాఠమగునని మావారు ఆశపడినారు. చూపించిన ప్రతి పిల్లవానికిని ఒకటి కావలెననిపించునుగదా యని మేమంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "అదియు నిజమే" యని కొలబద్ద తీసికొని వెళ్ళినారు. తిరిగి తీసికొనిపోయి పెట్టినను విఱిగినది అతుకదు; ఆ సంగతి అమ్మాయికి చెప్పితిమి. అయినను అక్కడనే పెట్టవలెనని అది పట్టుపట్టినది. అక్కడి చుక్కలు దానిమీద పడుచుండునట. చీకటిలో దానికి భయము లేదట.

మాఘములో బనగానపల్లెకు పోవు బంధువులున్నారు. గుహ యధికారులకు అప్పగించి రమ్మని వారితో చెప్పితిమి. అందాక ఆ ముక్కను పొడిగుడ్డలో చుట్టి, ఊరగాయ జాడీలకు దూరముగా, పడకగదిలోని బీరువాపై పెట్టినాము. అమ్మాయి దినమునకొకసారి ముక్కాలిపీట వేసికొని చూచి వచ్చుచున్నది.